అప్‌డేట్: సార్ తప్పుకున్నారు, ఓటీపీలు మాత్రం ఆయనకే

మా స్వచ్ఛంద సంస్థ పెట్టిన సార్ తప్పుకుంటానంటున్నారు, బాధ్యత వాళ్ల అబ్బాయికా, పాత కోఆర్డినేటర్‌కా అని ముందు పోస్టులో అడిగాను. సర్వసభ్య సమావేశం కోఆర్డినేటర్ మేడమ్‌నే కార్యదర్శిగా ఎన్నుకుంది. అబ్బాయి ముఖంలో నాకైతే 'హమ్మయ్య' కనిపించింది!

ఎన్నిక సులువే, తలనొప్పంతా కాగితాలది. 2001 సొసైటీల చట్టం కింద కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి ఇచ్చాం. విదేశీ విరాళాల అనుమతి ఉంది కాబట్టి కీలక సభ్యుల మార్పును కేంద్ర హోంశాఖకు ఎఫ్‌సీ-6ఈ ఫారంలో తెలపాలి. ఆ విరాళాలు వచ్చే ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలో సంతకాలు మార్చడం ఇంకో పని. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ ఓటీపీలు ఇప్పటికీ సార్ ఫోన్‌కే వస్తున్నాయి. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తే ఆడిటర్ ఆఫీసులో పని ఆగిపోతుంది.

సార్‌ని గౌరవ సలహాదారుగా ఉంచాం. ఏడాది వరకే, చెక్ పవర్ లేకుండా. ఈ షరతు ఆయనే పెట్టారు, అది ఆయన పెద్దరికం. సిబ్బందే మారట్లేదు. సెలవు చీటీలు ఇంకా ఆయన బల్ల మీదే పెడుతున్నారు, మేడమ్ వెళ్లి తెచ్చుకుంటున్నారు. ఆ గది ఎవరిదన్నది వచ్చే కమిటీ మీటింగులో తేలాలి.