స్టాప్ బటన్ ఎన్‌ఓనా ఎన్‌సీనా, ఆటోనగర్ తగువు

గాజువాక_వైర్‌మేన్:
గురువులూ తగువు తీర్చండి. ఆటోనగర్‌లో చిన్న కన్వేయర్, ఒక మోటారు, రెండు బటన్లు, అంతే. స్టాప్‌కి నేను ఎర్ర బ్లాక్, 1-2 ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్) పెట్టి పీఎల్‌సీ (మోటారుని ప్రోగ్రాంతో నడిపే కంట్రోలర్) ఇన్‌పుట్‌కి ఇచ్చా. ప్రోగ్రాం కుర్రాడు లాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాం గీసే బొమ్మలో) కూడా ఎన్‌సీ గుర్తే వేశాడు. స్టార్ట్ ఎంత నొక్కినా కదల్దు, స్టాప్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే తిరుగుతోంది! ఇప్పుడు బ్లాక్ మార్చి ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది) పెట్టమంటున్నాడు. తప్పెవరిది?

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్:
నీ వైరింగ్ కరెక్టే తమ్ముడూ. లాడర్‌లో గుర్తంటే బటన్ బొమ్మ కాదు, ఆ ఇన్‌పుట్ బిట్ ఒకటా సున్నానా అని అడగడం. నీ బటన్ నొక్కకుండానే 24 వోల్టులు వచ్చి బిట్ ఒకటిగా ఉంటుంది, కాబట్టి అక్కడ బిట్ ఒకటైతే దాటనిచ్చే ఎన్‌ఓ గుర్తు పడాలి. మార్చాల్సింది గుర్తు, బ్లాక్ కాదు.

లాడర్_బాబు:
నేనొప్పుకోను. ఎన్‌ఓ బటన్ పెట్టి లాడర్‌లో ఎన్‌సీ గుర్తు వేస్తే పాత రిలే డ్రాయింగ్‌లా కనిపిస్తుంది, మెయింటెనెన్స్ వాళ్ళు చూడగానే చదువుతారు. పైగా మన సముద్రపు గాలికి టెర్మినళ్ళు తుప్పు పడతాయి, ఎన్‌సీ అయితే రాత్రి రెండింటికి ఊరికే ఆగిపోయి ఫోన్ మనకే వస్తది.

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్:
ఏటి బాబూ, ఆగిపోవడం నీకు జబ్బులా కనిపిస్తోందా? అదే తుప్పు ఎన్‌ఓ వైరుకి పడితే ఎవరికీ తెలీదు, బెల్టులో ఎవడి చెయ్యో ఇరుక్కుని పక్కవాడు స్టాప్ గుద్దినప్పుడే తెలుస్తది. చదవడానికి ఇబ్బందైతే ట్యాగ్ పేరు స్టాప్_ఓకే అని పెట్టుకో, కామెంట్ రాయి, దానికోసం వైరింగ్ మారుస్తారా ఎవరైనా.

పెందుర్తి_పిల్ల:
మధ్యలో దూరుతున్నా, మన్నించండి. స్టార్ట్ వదిలినా మోటారు తిరుగుతూ ఉండడానికి సీల్ (స్టార్ట్‌కి ప్యారలల్ కాంటాక్ట్) పెట్టారా, సెట్ రీసెట్ (ఒకసారి వేస్తే తీసేదాకా బిట్ అలాగే ఉండేవి) పెట్టారా? మేం ఒకచోట రిటెంటివ్ బిట్‌కి (కరెంటు పోయినా విలువ మరిచిపోని బిట్) సెట్ వేశాం, కరెంటు పోయి వచ్చేసరికి మోటారు దానంతటదే లేచింది, దగ్గర మనిషి లేడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నేను స్టార్ట్‌కి ప్యారలల్‌గా కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) 13-14 ఫీడ్‌బ్యాకే వాడతా, కాంటాక్టర్ పడిపోతే సీల్ కూడా పోతుంది.

లాడర్_బాబు:
సీల్ సంగతి సరే అక్కా. కానీ ఎమర్జెన్సీ స్టాప్ ఎలాగూ వేరే ఉంటుందిగా, మామూలు స్టాప్‌కి ఇంత రభస ఎందుకు?

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్:
ఉంటే మంచిదే, అది సేఫ్టీ రిలే మీదుగా కాంటాక్టర్ కాయిల్ సప్లైనే కొయ్యాలి, మామూలు పీఎల్‌సీ ఇన్‌పుట్‌ని నమ్ముకోకూడదు. కానీ కంగారులో మనిషి చేతికి దగ్గరున్న బటనే కొడతాడు, అది ఏ రకమో చూస్తాడా? వైర్‌మేన్ తమ్ముడూ, ఇంతకీ నీ ప్యానెల్‌లో ఎమర్జెన్సీ ఉందా?

గాజువాక_వైర్‌మేన్:
లేదు అన్నా, ఓనరు వద్దన్నాడు, రేపు మళ్ళీ అడుగుతా. లాడర్‌లో గుర్తు మార్పించా, ఇప్పుడు స్టార్ట్ ఒకసారి నొక్కితే చాలు. కుర్రాడి ముందే మోటారు తిరుగుతుండగా స్టాప్ వైరు స్క్రూ వదులు చేసి పీకా, ఠక్కున ఆగింది. వాడేం మాట్లాడలేదు, టీ మాత్రం వాడే తెచ్చాడు.