వీడియో చూడకుండా క్లాసుకు వచ్చేవారిని ఎలా దారికి తేవాలి?

వైద్య విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఫిజియాలజీ చెబుతున్నాను. పాఠం వీడియోగా ముందే పంపి, క్లాసు సమయమంతా కేసుల చర్చకే కేటాయించే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతి మొదలుపెట్టాను. మొన్న ఒక రక్తవాయు పరీక్ష ఫలితం ఇచ్చాను: పీహెచ్ 7.25, బైకార్బొనేట్ 12, కార్బన్ డయాక్సైడ్ పీడనం 28. ఇది మెటబాలిక్ అసిడోసిస్ (శ్వాస సమస్య వల్ల కాకుండా ఇతర కారణాలతో రక్తంలో ఆమ్లత పెరగడం) అని, ఊపిరితిత్తులు అందుకు తగినట్టే స్పందిస్తున్నాయని తేల్చాలి. వీడియో చూసిన కొద్దిమందే మాట్లాడారు. మిగతావారు కెమెరాలు ఆపేసి మౌనవ్రతం పట్టారు! వారి కోసం పాఠం మళ్లీ చెబితే, చూసి వచ్చినవారికి అన్యాయం. పైగా ఇకముందు వీడియో ఎవరు చూస్తారు?

క్లాసుకు ముందు చిన్న క్విజ్ పెట్టి మార్కులు కలపాలా? చిన్న బృందాలుగా విడదీస్తే నోరు విప్పుతారా, లేక అక్కడా దాక్కుంటారా? సిద్ధాంతాలు కాదు, ఇలా బోధించినవారి అనుభవం కావాలి. వీడియో నిడివి ఎంత ఉంచారో కూడా దయచేసి చెప్పండి.