‘సాతే’ అనే మాట తమిళ ‘సదై’ నుంచి వచ్చిందా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. సింగపూరులో లౌ పా సాత్ అంగడి పక్కవీధిలో చీకటి పడ్డాక బొగ్గుల పొయ్యిలు వరుసగా రాజుకుంటాయి. సన్నని పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలను వాటిమీద కాల్చి, వేరుశనగ గుజ్జుతో, ఉల్లిపాయ, దోసకాయ ముక్కలతో కలిపి అమ్ముతారు. ఆ వంటకం పేరును ఇక్కడి తెలుగువారిలో కొందరు ‘సాటే’ అని, కొందరు ‘సాతే’ అని, ఇంగ్లీషు అక్షరాలను పట్టుకొని మరికొందరు ‘సటాయ్’ అని రాస్తున్నారు. నా తమిళ మిత్రులు అది తమ భాషలో కండ అనే అర్థమున్న ‘సదై’ అని గట్టిగా చెబుతారు. చైనా మూలాలున్న మిత్రుడు ఒకరు, హొక్కియన్ మాండలికంలో ‘మూడు ముక్కల మాంసం’ అనే పదబంధమే కుదించుకుపోయి ఇలా అయిందని అంటారు. ఈ రెండింటిలో దేనిని నమ్మవచ్చు? తెలుగులో ఎలా రాయడం సబబు?

జవాబు

రాత సంగతి తేలిక కనుక ముందుగా అది చెబుతాను. మలయ్, ఇండొనేషియా భాషలలోని ఈ హల్లును నాలుకను పళ్లకు తాకించి పలుకుతారు. అది మన ‘త’యే గాని ‘ట’ కాదు. ఇంగ్లీషులో వచ్చే ‘టీ’ అక్షరాన్ని ఎక్కడ చూసినా ‘ట’ అని రాసే అలవాటు వల్ల ‘సాటే’ పుట్టింది. ఇండొనేషియాలో ‘సతే’కు దగ్గరగా వినిపిస్తుంది; మొదటి అక్షరాన్ని కొంచెం ఒత్తి పలుకుతారు కనుక మన చెవికి ‘సాతే’ అయినా తప్పులేదు.

ఇక వ్యుత్పత్తి. తమిళవాదాన్ని తోసిపుచ్చే ముందు, దానికి పునాది ఉన్నదని ఒప్పుకోవాలి. మలయ్ భాషలో దక్షిణ భారతపు వర్తకుల వెంట వెళ్లిన మాటలు చాలా ఉన్నాయి. దుకాణాన్ని వారు ‘కెదాయ్’ అంటారు, అది తమిళ ‘కడై’. ఓడ ‘కపల్’, అది ‘కప్పల్’. మంచం ‘కాతిల్’, అది ‘కట్టిల్’. పెట్టుబడి సొమ్మును ‘మొదల్’ అంటారు. ‘మొదటికే మోసం’ అనేటప్పుడు మనం చెప్పే మొదలుకు అది తోబుట్టువు. సరుకులు దాచే ‘గుదాంగ్’ తమిళ ‘కిడంగు’, తెలుగు ‘గిడ్డంగి’ల చుట్టమే; ఇంగ్లీషువారు దానిని మలయ్ నుంచి ఎత్తుకొని ‘గోడౌన్’ చేసి మళ్లీ మనకే తెచ్చి ఇచ్చారు. ఇన్ని మాటలు వెళ్లిన దారిలో ‘సదై’ వెళ్లలేదని ముందే ఎవరూ అనలేరు.

అయితే ఈ మాటలు దారిలో ఎలా మారాయో గమనించండి. తమిళంలో రెండు అచ్చుల నడుమ ఒంటిగా ఉన్న హల్లు నాదంతో, అంటే ‘డ’, ‘ద’ల వలె పలుకుతుంది, మలయ్‌లోనూ అది నాదంతోనే మిగిలింది. కడై, కిడంగు, ముదల్ అనే మూడింటిలోనూ అదే జరిగింది. ద్విత్వం ఉన్నచోట మాత్రం శ్వాసహల్లు, అంటే ‘ప’, ‘త’ల వంటి నాదం లేని హల్లు దక్కింది: కప్పల్ కపల్ అయింది, కట్టిల్ కాతిల్ అయింది. ఈ లెక్కన ‘సదై’ మలయ్‌కు వెళ్లి ఉంటే ‘సదాయ్’ అయి ఉండాలి, ‘సతే’ కాదు. ఈ వాదం అంతగా వ్యాపించడానికి కారణం చెవి కాదు, కన్ను. తమిళ లిపిలో త, దలకు ఒకటే అక్షరం. దానిని రోమన్ అక్షరాలలోకి దించేటప్పుడు ‘త’ అని రాస్తారు కనుక కాగితం మీద రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి.

మరొక సభ్యురాలు

మీ సూత్రం మలయ్‌కు సరిపోవచ్చు గాని, ఈ వంటకం పుట్టిల్లు జావా అంటున్నారు కదా. జావా భాష తన పద్ధతిలో మార్చుకొని ఉండకూడదా? అదీగాక, సంస్కృతంలో శూలానికి గుచ్చి కాల్చిన మాంసాన్ని ‘శూల్యం’ అంటారు. అమరకోశంలో ఆ మాట ఉన్నది. జావాకు సంస్కృతం వెళ్లినంతగా తమిళం వెళ్లలేదు. అటు నుంచి ఆలోచించవచ్చునా?

జవాబు

మీ మొదటి అభ్యంతరం సగం నిలుస్తుంది. మలయ్ మాట చివర ‘ఆయ్’ ఉన్నచోట జావాలో ‘ఏ’ వినిపించడం మామూలే. మలయ్‌వారి ‘గులాయ్’ అనే మసాలా పులుసు జావాలో ‘గులే’ అవుతుంది. కనుక చివరి అచ్చుమీద నేను పట్టుబట్టను. కాని జావా భాషకు ‘త’, ‘ద’లు రెండూ ఉన్నాయి, ఉన్న ‘ద’ను విడిచి ‘త’ పట్టుకోవలసిన అవసరం దానికి కనిపించదు.

శూల్యం ఊహ అందంగానే ఉన్నది గాని, ఆ కుటుంబంలోని మాట నిజంగానే సముద్రం దాటింది, దాటి తన రూపాన్ని దాచుకోలేదు. మలయ్‌లో ‘సులా’ అంటే వాడిగా చెక్కిన కొయ్య, కొరత వేసే శూలం; ‘త్రిసులా’ అంటే త్రిశూలమే. వంటకానికి ఆ పేరు పెట్టదలచుకుంటే ఆ మాట వారి చేతికి అందుబాటులోనే ఉన్నది. వారు దానిని శిక్షకు, ఆయుధానికి ఉంచుకొని పొయ్యి దగ్గరకు రానివ్వలేదు.

నాకు ధ్వని కంటె అర్థమే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. ‘సతే’ అంటే కండ అయితే, కండ లేనిది సతే కాకూడదు. జావాలోని సోలో పట్టణంలో ‘సతే కెరే’ ఉన్నది. ‘కెరే’ అంటే నిరుపేద, బిచ్చగాడు. మాంసం కొనలేనివారు సోయా పాలు పిండగా మిగిలిన పిప్పిని పులియబెట్టి, ఆ అచ్చును ముక్కలు కోసి పుల్లకు గుచ్చి కాల్చుకున్నారు, అదీ సతేయే. ఆలుచిప్పల మాంసం, పిట్టగుడ్లు, కోడిపేగులు పుల్లకెక్కితే అవన్నీ సతే అవుతాయి. బక్రీదు నాడు ఇంటికి వచ్చిన మాంసాన్ని గుచ్చి కాల్చుకోవడాన్ని ఒక్క క్రియతో ‘న్యతే’ అంటారు. అంటే పుట్టింటివారికి ఈ మాటలో ముఖ్యమైనది గుచ్చి కాల్చే పని; గుచ్చినదేమిటన్నది తరువాతి సంగతి. లెక్క కూడా ‘తుసుక్’లలోనే అడుగుతారు, తుసుక్ అంటే పోటు, గుచ్చిన పుల్ల.

ఆ పుల్ల కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. వెదురుపుల్ల సర్వసాధారణం; ‘లిది’ అనే కొబ్బరి ఈనె పాత పద్ధతి. యోగ్యకర్త దగ్గరి బంతుల్‌లో ‘సతే క్లతక్’ చేసేవారు మేకమాంసానికి దాదాపు ఉప్పు మాత్రమే రాసి, సైకిలు చక్రపు చువ్వలకు గుచ్చుతారు. ఇనుము వేడిని లోపలికి మోసుకుపోయి ముక్కను నడుమ నుంచి కూడా ఉడికిస్తుంది. బాలిలో ‘సతే లిలిత్’కు గుచ్చడమే లేదు. చేపను గాని పందిమాంసాన్ని గాని కొబ్బరితో, మసాలాతో మెత్తగా నూరి, వెడల్పాటి వెదురుబద్దకు లేక నిమ్మగడ్డి కాడకు చుట్టబెడతారు. లిలిత్ అంటే చుట్టడం. సోలోలోని ‘సతే బుంతెల్’లో ఖైమాను కొవ్వుపొరలో మూటకడతారు, బుంతెల్ అంటే మూటే. పశ్చిమ సుమత్రాలోని పదాంగ్‌వారు గొడ్డుమాంసాన్ని, నాలుకను ముందే ఉడికించి, కాల్చి, బియ్యప్పిండితో చిక్కబరచిన పసుపుపచ్చని పులుసును పైన పోస్తారు. అందులో వేరుశనగ ప్రధానం కాదు. మలేషియాలో సెలంగోర్‌లోని కజాంగ్ ఊరికి ఈ వంటకమే పేరు తెచ్చింది.

వీటన్నిటిలో ఎక్కువ ఊళ్లు తిరిగినది జావాకు ఈశాన్యాన ఉన్న మదురా దీవి (మన మధుర కాదు) వారి కోడిమాంసపు సతే. తియ్యని సోయా రసం, వేరుశనగ కలిపి పూసి కాలుస్తారు. ఆ వర్తకులు వీధిలో ‘తే... సతే’ అని సాగదీసి కేక వేస్తారు. ఇది ఉత్త కూత కాదని నా అభిప్రాయం. మదురా భాషలో మాట చివరి భాగాన్ని ముందుకు తెచ్చి జంటమాటను కడతారు. పిల్లలను ‘నక్-కనక్’ అంటారు. ‘తే-సతే’ ఆ అచ్చులోనే పోత పోసినట్లున్నది. మనమైతే వెనుకవైపు జతచేసి ‘సాతే గీతే’ అని ఉండేవాళ్లం.

వేరుశనగ గురించి ఒక మాట. అది దక్షిణ అమెరికా పంట. పదహారవ శతాబ్దంలో ఐరోపావారి ఓడలు తిరగడం మొదలైన తరువాతే ఆసియాకు చేరింది. మనం వేరు దగ్గర కాసే శనగ అన్నట్లే వారు ‘కచాంగ్ తానా’, అంటే మట్టిలోని గింజ అన్నారు. కనుక ఈనాడు సతేకు ఆనవాలుగా భావించే ఆ గుజ్జు, గుచ్చి కాల్చే పద్ధతి కంటె వయసులో చాలా చిన్నది కావాలి.

ప్రశ్నించినవారు

తమిళవాదం సంగతి అర్థమైంది. మూడు ముక్కల కథ?

జవాబు

దానిని చైనా భాషే ఖండిస్తున్నది. ఆ మాట హొక్కియన్‌వారి సొంతమే అయి ఉంటే ‘మూడు’, ‘ముక్క’ అనే అక్షరాలతో రాసుకొని ఉండేవారు. వారు రాసినది ‘ఇసుక’, ‘తేయాకు’ అనే అర్థాలున్న రెండు అక్షరాలతో. ఆ రెండూ కలిపి హొక్కియన్‌లో ‘సా-తే’ అని పలుకుతాయి. పరాయి మాట వచ్చినప్పుడు అర్థాన్ని పక్కన పెట్టి ధ్వనికి సరిపోయే అక్షరాలను ఏరుకోవడం వారి పద్ధతి. అంటే వారి దృష్టిలోనే ఇది వలస వచ్చిన మాట. ఆ అక్షరాలను మాండరిన్‌వారు తమ ఉచ్చారణలో చదివేసరికి ‘సా-తే’ కాస్తా ‘షా-చా’ అయింది. తేయాకును హొక్కియన్‌లో ‘తే’ అని, మాండరిన్‌లో ‘చా’ అని అంటారు. మొదటిది సముద్రం మీదుగా, రెండవది పారశీకుల మీదుగా ప్రయాణించి మన ఇళ్లలో ‘టీ’, ‘చాయ్’గా పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ పేరుతో అమ్మే షాచా తొక్కు సీసాలో తేయాకు ఉండదు, ఇసుక అసలే ఉండదు. నూనె, వెల్లుల్లి, ఎండుచేప, ఎండురొయ్యలు కలిసిన ముద్ద ఉంటుంది.

ఇక్కడ అర్థం మారిన తీరును చూడండి. పుట్టింట పనికి పేరైన మాట బయటకు వెళ్లగానే తొక్కుకు, పులుసుకు పేరైంది. చైనాలో అది ఆ ముద్ద. వియత్నాంలో ‘సా తే’ అంటే నిమ్మగడ్డి, మిరప వేసి కాచిన కారపు నూనె. నెదర్లాండ్స్‌లో వేయించిన ఆలుగడ్డ ముక్కలమీద ధారగా పోసే వేరుశనగ గుజ్జుకు ఆ పేరు అతుక్కుపోయింది. పుల్లను విడవకుండా పట్టుకున్నది దక్షిణాఫ్రికా. డచ్చివారు ఈ దీవులనుంచి కేప్‌కు బానిసలుగా పట్టుకుపోయినవారి వంటిళ్లలో నిలిచి, నేటికీ ‘సొసాతీ’ పేరుతో ఆ దేశమంతటా బొగ్గులమీద కాలుతున్నది.

కనుక నా తీర్పు ఇది: మాట జావాదే, తమిళ, చైనా, సంస్కృత మూలాలు మూడూ నిలవవు. జావావారు తమ మాటలనే కుదించి చెప్పే ‘ఒక పుల్ల’ వంటి వ్యుత్పత్తులు కూడా ఉన్నాయి గాని, అవి వంటకం పుట్టాక కట్టిన కథల వలె ఉన్నాయి కనుక వాటి జోలికి నేను పోలేదు. తెలుగులో ‘సాతే’ అని రాయండి. లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు ‘పది సాతేలు’ అనకుండా ‘పది పుల్లల సాతే’ అంటే, తుసుక్ అనే వారి లెక్కకు మన పలుకుబడి సరిగ్గా సరిపోతుంది.