పర్లాకిమిడి నుంచి చరిత్రలో పీహెచ్‌డీకి అప్లై చెయ్యాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

తనయ_పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీ పరీక్షలు ఇంగ్లీషులో. తెలుగు రాయడం నాయనమ్మ నేర్పింది కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. బరంపురంలో ఎం.ఏ. చరిత్ర అయింది, 61 శాతం వచ్చింది. పీహెచ్‌డీ చెయ్యాలని గట్టిగా ఉంది.

మా ఇంట్లో ఎవరూ డిగ్రీ దాటలేదు. నాన్నగారికి బట్టల కొట్టు. "బీఈడీ చేస్తే టీచరువి అవుతావు, పీహెచ్‌డీ చేస్తే ఏమవుతావో ఒక్కమాటలో చెప్పు" అంటారు. నేను చెప్పలేకపోతున్నాను.

నెట్ (కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకి, పీహెచ్‌డీకి రాసే జాతీయ అర్హత పరీక్ష) రాయకుండా పీహెచ్‌డీలో చేరే దారి ఉందా? ఆంధ్రా యూనివర్సిటీ మాకు దగ్గర, కానీ మేము ఒడిశా వాళ్ళం కదా, రిజర్వేషన్ ఎలా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తీసుకుంటారా? విదేశాలకి అప్లై చేసేవాళ్ళు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు, అందులో ఏం రాస్తారు? సిఫారసు ఉత్తరాలు ఎవర్ని అడగాలి? మా సార్లకి నా పేరు కూడా గుర్తుందో లేదో. టాపిక్ "ఒడిశాలో తెలుగువారి చరిత్ర, సంస్కృతి" అనుకుంటున్నాను. అన్నీ కలిపి అడిగేశాను, టెన్షన్‌లో ఉన్నాను.

మాస్టారు_రాయగడ:

అమ్మా, మీ నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు. నేను రిటైరైన హైస్కూలు హెడ్మాస్టర్ని. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు పీహెచ్‌డీ పూర్తిచేసి ఇప్పటికీ గెస్ట్ ఫేకల్టీగా గంటల లెక్కన జీతం తీసుకుంటున్నాడు. ఫెలోషిప్ డబ్బు నెలనెలా వస్తుందని కూడా అనుకోవద్దు, ఒక్కోసారి నెలల తరబడి ఆగిపోతుంది. చదవొద్దని నేననను. చేతిలో ఒక బీఈడీ పెట్టుకుని చదువు. ఒడియా చదివినదానివి, ఇక్కడి టీచరు పోస్టులకి అది పెద్ద బలం.

జయపురం_బాబు:

మాస్టారికి నమస్కారం. డబ్బు సంగతి నిజమే, అందుకే జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై ర్యాంకుల వాళ్ళకి పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్) మాట చెబుతున్నాను. నేను సోషియాలజీలో రెండో ఏడాది స్కాలర్ని.

నెట్ ఏటా రెండు విడతలు, జూన్, డిసెంబర్ పేర్లతో పెడతారు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, కలిపి మూడు గంటలు, తప్పుకి మైనస్ లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. చరిత్ర పేపరు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది, ఒడియా, తెలుగుల్లో ఉండదు. 2024 నుంచి ఫలితం మూడు రకాలుగా ఇస్తున్నారు. పైవాళ్ళకి జేఆర్‌ఎఫ్, తర్వాతివాళ్ళకి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ అడ్మిషన్, ఆ కిందివాళ్ళకి అడ్మిషన్ ఒక్కటే. తర్వాతి రెండు రకాల్లో నెట్ మార్కుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఒక్క ఏడాదే పనికొస్తుంది, ఇది చాలామంది చూసుకోరు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అదనం. రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకి 8,000 ఇస్తారు. ఆ 8,000 చాలా ఏళ్ళుగా అలాగే ఉంది, మెస్ బిల్లు మాత్రం పెరుగుతోంది.

సొంతంగా ఎంట్రన్స్ పెట్టుకునే యూనివర్సిటీలు ఇంకా ఉన్నాయి, ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది చూడాలి. ఏదైనా సరే నెట్ రాసెయ్యడం మంచిది. ఎం.ఏ.లో 55 శాతం అడుగుతారు, మీకు దాటింది.

ఇక రిజర్వేషన్. మన తహసీల్దారు ఇచ్చే ఎస్ఈబీసీ (ఒడిశా రాష్ట్రపు వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ తాజాది. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశాకి ఇచ్చిన కేంద్ర జాబితాలో ఉండాలని లేదు, ముందు ఆ జాబితా చూసుకోండి. ఆంధ్రాలోని రాష్ట్ర యూనివర్సిటీల్లో మనం నాన్-లోకల్, అక్కడి రిజర్వేషన్ మనకి రాదు. సరిహద్దుకి అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మేనమామ ఉన్నంత మాత్రాన లోకల్ అయిపోం. సరిహద్దు వాళ్ళకి సెంట్రల్ యూనివర్సిటీలే మేలు అనడానికి కారణం అదే.

గుణుపురం_బండి:

చెల్లీ, మాది గుణుపురం. నౌపడా నుంచి మీ ఊరి మీదుగా వచ్చే బండి ఆగిపోయేది మా దగ్గరే. చరిత్రలోనే పీహెచ్‌డీ చేసి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. జూనియర్ల ప్రపోజళ్ళు దిద్దీ దిద్దీ కాస్త మొహమాటం తగ్గింది, ఏమనుకోకు.

నీ పోస్టులో నెట్ గురించి, రిజర్వేషన్ గురించి, ఉత్తరాల గురించి అంత అడిగి, టాపిక్ గురించి ఒక్క వాక్యం రాశావు. ఆ వాక్యం కూడా టాపిక్ కాదు, లైబ్రరీలో బీరువాకి అంటించే చీటీ. "ఒడిశాలో తెలుగువారి చరిత్ర, సంస్కృతి" అంటే ఇంటర్వ్యూ బోర్డులో మొదటాయన "ఏ కాలం?" అంటాడు, రెండో ఆవిడ "ఏ ఆధారాలు?" అంటుంది. అక్కడితో నీ ఇంటర్వ్యూ అయిపోతుంది.

నువ్వు కూర్చున్న చోట ఏముందో చూడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. ఆ రోజుతో జమీందారీ రెండు ముక్కలైంది. మీ పట్టణం, కొండవైపు ఊళ్ళు ఒడిశాకి వచ్చాయి. పాతపట్నం వైపు మద్రాసులోనే ఉండిపోయింది. ఒకే జమీందారు, కింద రైతులు రెండు ప్రభుత్వాల వాళ్ళు. తర్వాత జమీందారీలు రద్దు చేస్తూ మద్రాసు చట్టం 1948లో వచ్చింది, ఒడిశా చట్టం 1951ది. అంటే సరిహద్దుకి ఇవతల ఒక రైతు, అవతల అతని బావమరిది, నిన్నటిదాకా ఒకే ఎస్టేటుకి శిస్తు కట్టినవాళ్ళు, వేర్వేరు చట్టాల కింద వేర్వేరు ఏళ్ళలో ఎస్టేటు చేతిలోంచి బయటపడ్డారు. ఎవరికి పట్టా తేలిగ్గా వచ్చింది? రెండువైపులా భూమి ఉన్నవాడు ఏ కచేరీ చుట్టూ తిరిగాడు? కొండమీది సవర గిరిజనుల ఊళ్ళ సంగతేమిటి? నీ వయసులో నేనుంటే ఈ ప్రశ్న పట్టుకుని కూర్చునేదాన్ని.

ఒడిశా చట్టం మీద మీ మహారాజు, అంటే ఆ జమీందారే, సుప్రీంకోర్టుకి వెళ్ళి ఓడిపోయారని తెలుసా? గజపతి నారాయణ దేవ్ వర్సెస్ ఒరిస్సా రాష్ట్రం, 1953. శాసనసభకి లేని అధికారాన్ని ఉన్నట్టు చూపించి చట్టం చేస్తే చెల్లుతుందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా లా విద్యార్థులు ఈ తీర్పే చదువుతారు. చదివేవాళ్ళలో పర్లాకిమిడి ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఈ రాత్రే చదువు.

కాగితాలు ఎక్కడున్నాయో తెలియడం సగం పని. 1936కి ముందు గంజాం రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి, ఆ తర్వాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. మద్రాసులో మిగిలిన ముక్కని విశాఖ జిల్లాలో కలిపారు, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అంటే పాతపట్నం ఫైలు ఏ ఏడాదిదో బట్టి గంజాం, విశాఖపట్నం, శ్రీకాకుళం అని మూడు పేర్ల కింద వెతుక్కోవాలి. మా గుణుపురం కథ మళ్ళీ వేరు. మేము జయపురం ఎస్టేటు, విశాఖపట్నం ఏజెన్సీ. ఒకే రైలు లైను మీద ఉన్నాం కదా అని ఒకే ఫైల్లో ఉంటాం అనుకోకు. సరిహద్దు ఎక్కడ గియ్యాలో చూడమని 1931లో వేసిన ఓడనెల్ కమిటీ 1932లో ఇచ్చిన నివేదికతో మొదలుపెడితే, ఎవరు ఏ భాష లెక్కలు చూపించి ఏం అడిగారో అర్థమవుతుంది. ఇంగ్లీషు ఫైళ్ళు చదవగలిగేవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఒక ఇంట్లో తెలుగు దస్తావేజు, పక్కింట్లో ఒడియా దస్తావేజు చదివి, ఇద్దరితోనూ వాళ్ళ భాషలో మాట్లాడగలిగేవాళ్ళు ఎంతమంది? ఒడియా మీడియం అని సంకోచంగా రాశావు. ప్రపోజల్‌లో అది మొదటి పేజీలో ఉండాల్సిన సంగతి.

స్టేట్‌మెంట్ దగ్గరికి వస్తే, "చిన్నప్పటి నుంచీ నాకు చరిత్రంటే ప్రాణం" అని మొదలుపెట్టొద్దు. నేను చదివినవాటిలో చాలావరకు అలాగే మొదలయ్యాయి, నాన్న కష్టం, అమ్మ త్యాగం రెండో పేరాలో వస్తాయి. నిజమే కావచ్చు, కానీ చదివేవాళ్ళు చూసేది నీ ప్రశ్న ఏమిటి, ఇంతకుముందు ఎవరు ఏం రాశారు, నువ్వు ఏ కాగితాలు చూస్తావు, ఈ డిపార్ట్‌మెంటే ఎందుకు అని. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉన్నాయి. గంజాం, పర్లాకిమిడి, ఎస్టేట్ అని కొట్టి, వచ్చినవాటి ముందుమాటలైనా చదువు.

యూనివర్సిటీ పేరు చూసి అప్లై చెయ్యకు. వ్యవసాయ చరిత్ర మీదో, సరిహద్దుల మీదో పనిచేసే మనిషి అక్కడ ఉన్నారా, వాళ్ళ కింద సీటు ఖాళీ ఉందా చూడు. నాకు తెలిసిన ఒకమ్మాయికి గొప్ప పేరున్న చోట సీటొచ్చింది, గైడ్ మాత్రం మధ్యయుగపు కోటల నిపుణుడు. ఆ అమ్మాయి టాపిక్ వలస కూలీలు. ఆయన చాప్టర్లు తెరిచి చూసేవారు కాదు. మంచివారే పాపం, ఆయనకి అందులో ఆసక్తి లేదు.

సిఫారసు ఉత్తరాలకి హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) హోదా చూడకు, నీ రాత చదివినవాళ్ళని అడుగు. డిసర్టేషన్ గైడ్ ఉన్నారుగా. నెలన్నర ముందే కలిసి, నీ ప్రపోజల్, మార్కుల లిస్టు, గడువు తేదీలు ఒక కవర్లో పెట్టి చేతికివ్వు. "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అంటారు కొందరు. అప్పుడు సంతకం కోసం కాగితం పెట్టకుండా, నీ గురించి వాళ్ళే రాసుకోవడానికి వీలుగా నాలుగు సంగతులు ఇచ్చి రా: ఏ సెమినార్ పేపర్ రాశావు, ఏ ప్రశ్నకి ఎలా జవాబు చెప్పావు, ఇలాంటివి.

బరంపురం_నుంచి_అవతలికి:

నేను అమెరికాలో ఆంత్రోపాలజీ చేస్తున్నాను, బరంపురం వాడిని. విదేశాల ముక్క నేను చెబుతాను. అమెరికాలో పీహెచ్‌డీ ఐదారేళ్ళు, మంచి డిపార్ట్‌మెంట్లలో ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు. డబ్బు ఇవ్వని పీహెచ్‌డీకి మాత్రం అప్పుచేసి వెళ్ళకండి. గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో పడతాయి, చేరేది మరుసటి ఆగస్టు, సెప్టెంబర్‌లలో. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షని చాలా హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంట్లు తీసేశాయి, అడగని చోట డబ్బు తగలెయ్యొద్దు. అప్లికేషన్ ఫీజు ఒక్కోచోట మన రూపాయల్లో వేలల్లో ఉంటుంది, మాఫీ చెయ్యమని మెయిల్ రాస్తే చేసేవాళ్ళున్నారు. బ్రిటన్‌లో చేరేముందే పూర్తి ప్రపోజల్ అడుగుతారు, డబ్బు విడిగా వెతుక్కోవాలి.

మన ప్రాంతం పేరు చెబితే అర్థమయ్యే చోట్లు చూసుకోండి. అమెరికాలో విస్కాన్సిన్, బర్కిలీ యూనివర్సిటీల్లో దక్షిణాసియా మీద పనిచేసేవాళ్ళు ఉంటారు, బర్కిలీలో తెలుగు కూడా చెబుతారు.

ఇంకోటి. కేంద్రం ఎస్సీ తదితర వర్గాలకి ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో 2022లో ఒక మార్పు చేశారు. భారతదేశపు చరిత్ర, సంస్కృతి, వారసత్వం, ఇక్కడి సమాజం మీద చేసే చదువులకి ఆ డబ్బు రాదన్నారు. మన ఊరి చరిత్ర చదవడానికి అసలు వేరే దేశం ఎందుకన్నది వాళ్ళ వాదన. నాకు ఒప్పుకోబుద్ధి కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో కూడా ఉన్నాయి కదా. ఆ స్కాలర్‌షిప్ లెక్కేసుకునేవాళ్ళు ముందు నిబంధనలు చదవండి.

తనయ_పర్లాకిమిడి:

అక్కా, తీర్పు తెరిచాను. ఇంగ్లీషు కష్టంగా ఉంది, కానీ మా ఊరి పేరు సుప్రీంకోర్టు కాగితంలో చూసి లేచి నిలబడిపోయాను. నాన్నగారికి చూపిస్తే, పాతపట్నంలో మా తాతగారికి రెండెకరాలు ఉండేవని, ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయని ఆయనే చెప్పారు! ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఒక అనుమానం. నా ఎం.ఏ. డిసర్టేషన్ బౌద్ధ శిల్పాల మీద. అప్లికేషన్‌తో పాటు రాత నమూనాగా అడిగే రైటింగ్ శాంపిల్‌గా అది పంపొచ్చా? ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే ఉంటుందా?

గుణుపురం_బండి:

శాంపిల్ టాపిక్‌తో కలవకపోయినా పంపొచ్చు, నువ్వు ఆధారం చూపించి ఎలా వాదిస్తావో చూడటానికే అది. అందులో నీ సొంత వాదన ఉన్న చాప్టర్ ఒక్కటే తియ్యి, రాజవంశాల పరిచయం కొట్టెయ్యి. టైముంటే మాత్రం ఆ తీర్పుని, రెండు చట్టాలని పక్కపక్కన పెట్టి పన్నెండు పేజీల కొత్త వ్యాసం రాయి, దానికే విలువ ఎక్కువ.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే ఉంటుంది. నీ ప్రశ్నని నాలుగు వాక్యాల్లో చెప్పడం గట్టిగా బయటికి అని అలవాటు చేసుకో. అందరికంటే ముందు నాన్నగారికి తెలుగులో చెప్పు, ఆయనకి అర్థమైతే ఇంగ్లీషులోకి మార్చుకోవడం పెద్ద పని కాదు. ట్రంకుపెట్టె కాగితాలకి ఫోటోలు తియ్యి, రెండువైపులా, తేదీ, స్టాంపు కనపడేలా. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ఎగ్మూరు వెళ్ళేముందు డిపార్ట్‌మెంట్ నుంచి పరిచయ పత్రం తీసుకో, ఆధార్ జిరాక్స్ దగ్గర పెట్టుకో. నెట్ నోటిఫికేషన్ సంగతి జయపురం తమ్ముడు చూసుకుంటాడు, ఆ ఓబీసీ సర్టిఫికెట్ కోసం మాత్రం సోమవారమే తహసీల్ ఆఫీసుకి వెళ్ళు.