ప్రాగ్‌లో అమ్మతో నాలుగు రోజులు: కోట నుంచి దిగే దారి ఏది?

శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం సాయంత్రం దాకా ప్రాగ్‌లో ఉంటాం. యూదుల మ్యూజియం శనివారం తెరవరు కనుక దాన్ని ఆదివారానికి పెట్టి, కోటను శనివారానికి జరిపాం. ట్రాములు, బస్సులు, మెట్రోలో తిరగడానికి కొనే 72 గంటల టికెట్‌కు మొదటిసారి ముద్ర వేసిన నిమిషం నుంచే లెక్క. శుక్రవారం 2 గంటలకు వేస్తే సోమవారం 2కి అయిపోతుంది. ఆ తర్వాత విమానాశ్రయానికి విడిగా టికెట్ కొంటాం.

అసలు చిక్కు అమ్మ మోకాళ్లు. కోట కొండ మీద ఉంది; 22వ నంబరు ట్రాములో పైకి వెళ్లడం తేలికే. ఎక్కడం కన్నా దిగడమే ఆమెకు కష్టం. కోట నుంచి కిందికి దిగే నెరుదోవా వీధిలో మెట్లు లేకున్నా, రాళ్లు పరచిన వాలు బాగా నిటారుగా ఉంటుంది. వర్షం పడితే జారుతుంది కూడా. పెద్దవాళ్లను తీసుకెళ్లినవారు చెప్పండి: దారిలో కూర్చోవడానికి బల్లలున్నాయా, లేక ట్రాములోనే వెనక్కి రావడం మేలా?