నాన్న దాచిన బర్మా నడక గురించి ఇప్పుడు అడగొచ్చా?

సిక్కోలు అబ్బాయి: నాన్నకు 90 ఏళ్లు. 1942లో రంగూన్ నుంచి ఓడలో వచ్చామనే చెప్పేవారు. మొన్న జ్వరంలో "యే, యే" అంటుంటే ఎవరినో పిలుస్తున్నారనుకున్నాం. చూడ్డానికొచ్చిన, విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్లుండే బర్మా క్యాంపు ముసలావిడ గ్లాసుతో నీళ్లు తాగించింది. బర్మా భాషలో యే అంటే నీళ్లట. తర్వాత మేనత్త, నాయనమ్మ చెప్పగా విన్నది బయటపెట్టింది. బర్మాలోని ప్రోం ఊరి నుంచి తాంగుప్ కనుమ అనే కొండదారి మీదుగా నడిచొచ్చారు. నాన్నకప్పుడు ఏడేళ్లు. అడగాలని నేను, వద్దని అన్నయ్య.

గోదారి గట్టు: ఓడ కాదని అంత గట్టిగా ఎలా చెబుతారు? 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక మా తాత ఓడలోనే వచ్చాడు.

సిక్కోలు అబ్బాయి: టికెట్ దొరికినవాళ్లు వచ్చారు. మా తాత రేవులో మూటలు మోసేవాడు. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోకముందే వీళ్లు నడక మొదలెట్టారు.

గోదారి గట్టు: కూలీలూ ఓడెక్కారండీ.

ట్రంకుపెట్టె: అడగండి! మా నాన్న పోయాక బర్మా లిపిలో ఓ కాగితం దొరికింది. చదివిస్తే బాకీ చీటీ. ఆయన పుట్టిన వీధి పేరు కూడా నాకు తెలీదు.

తాటితోపు: నేను అమ్మను అడిగాను. రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మీ కుతూహలం కోసం ముసలాయన్ని ఏడిపిస్తారా?

సిక్కోలు అబ్బాయి: కుతూహలం అనకండి. నాన్నకు నాలుగేళ్ల చెల్లి ఉండేదట. ఆయనే చెయ్యి పట్టుకుని నడిపించేవారు. దారిలో కలరా. ఊరికి చేరినప్పుడు ఆ పిల్ల లేదు. చనిపోయిందో, ప్రాణముండగానే వదిలేశారో మేనత్తకూ తెలీదు. జాతరలో నాన్న నా మణికట్టు కందిపోయేలా పట్టుకునేవారు. నేను విదిలించుకునేవాణ్ని.

తాటితోపు: అయితే అసలే అడగొద్దు.

సిక్కోలు అబ్బాయి: ఏడేళ్ల పిల్లాడి తప్పేముందని ఆయనతో ఎవరో ఒకరు అనాలి కదా!

తాటితోపు: ఆ మాట అనడానికి అడగక్కర్లేదు.

గోదారి గట్టు: తాంగుప్ దారిన వచ్చినవాళ్లు చాలామంది బర్మా తీరంలోని అక్యాబ్ రేవు నుంచి బెంగాల్ వైపు చిట్టగాంగుకు ఓడలోనే వెళ్లేవారు. ఆయన చెప్పింది అబద్ధం కాదండీ. నడక ఒక్కటే చెప్పలేదు.

సిక్కోలు అబ్బాయి: ఇది నాకు తట్టలేదు. అయితే ఓడ దగ్గరే మొదలుపెడతాను. "ఎక్కినప్పుడు పక్కన ఎవరున్నారు నాన్నా" అని.

తాటితోపు: మళ్లీ అడగడమే!