శాసనాల ఫోటోలు మెయిల్‌కే జోడించాలా, లంకె ఇస్తే సరిపోతుందా?

నిర్వాహకుడు
మన శాసన చర్చ గుంపు మొదటినుంచీ అక్షరాలకే పరిమితం. గుంపు ఉత్తరాలను అందరికీ పంపే ప్రోగ్రాము మెయిల్‌మన్‌లో జోడింపులు రాలిపోయేలా వడపోత ఉంది, ఒక్కో ఉత్తరానికి 40 కేబీ హద్దు ఉంది. ఫోటో చూడకుండా శాసన పాఠం మీద వాదించుకోవడం దండగని కొందరు, ఫోటోలు మొదలైతే పాఠం రాసే ఓపిక ఎవరికీ ఉండదని కొందరు అంటున్నారు. ఏది మేలో కారణాలతో రాయండి. వచ్చే నెల ఒకటో తారీఖున సెట్టింగులు ఖరారు చేస్తాను.

రాతిగీత
జోడింపులు రానివ్వాలి. శాసనం చదవడంలో పేచీ వచ్చేది ఎప్పుడూ ఒకటి రెండు అక్షరాల దగ్గరే. ప పైభాగం తెరిచి ఉంటుంది, వ మూసి ఉంటుంది. అరిగిన రాతిమీద అది శిల్పి మూసిన గీతా, లేక పెచ్చు ఊడి గీతలా కనిపిస్తోందా అన్నది కళ్ళతో చూస్తేగాని తేలదు. పైగా తేదీ లేని శాసనానికి కాలం కట్టేది లిపి తీరును బట్టే. ఏడో శతాబ్దపు క అయినా పదమూడో శతాబ్దపు క అయినా టైపు చేస్తే ఒకటే క. కాలం చెప్పే ఆనవాళ్ళన్నీ అక్కడే చెరిగిపోతాయి.

పంక్తి_లెక్క
లిపి తీరు గురించి రాతిగీత గారు చెప్పింది నిజమే. కానీ ఈ గుంపులో జరిగే వాదాల్లో ఎక్కువభాగం లిపి తీరు మీద కాదు, పాఠం మీద. పాఠానికి పాఠమే సాక్ష్యం ఇస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. తెలుగు అంకెల్లో ౨, ౩ అరిగితే ఒకదాన్ని ఒకటిగా చదువుతాం. శక 1123 అని ఒకరు, 1133 అని ఇంకొకరు చదివారనుకోండి. క్రీస్తు శకంలో 1201, 1211 అవుతాయి, పదేళ్ళ తేడా. దీనికి ఫోటో పెద్దది చేసి చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ పంక్తిలోనే సంవత్సరం పేరు ఉంటుంది. 1123 అయితే దుర్మతి, 1133 అయితే ప్రజోత్పత్తి. ఆ పేరులో రెండక్షరాలు మిగిలినా చాలు. తిథి వారాలు కూడా ఉంటే పంచాంగ గణితం మిగతాది చెబుతుంది. పంక్తి పంక్తిగా పాఠం రాసిపెట్టినవాళ్ళకే ఇది దొరుకుతుంది. "ఫోటో పెట్టాను, చూడండి" అన్నచోట ఎవరూ దొరకబుచ్చుకోలేరు.

టైపు చెయ్యలేని అక్షరాలున్నాయని బొమ్మలు అడిగే రోజులూ పోయాయి. రేనాటి చోళుల (కడప ప్రాంతాన్ని ఏలినవాళ్ళు) శాసనాల్లో కనిపించే ఴ అనే పాత అక్షరం 2014లో యూనికోడ్ (కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం) 7.0తో వచ్చింది. అచ్చులేని నకారానికి పాత గుర్తయిన నకారపొల్లు ౝ 2021లో 14.0తో వచ్చింది. చాలా ఫాంట్లలో ఇది ఇంకా డబ్బాగానే కనిపిస్తుంది కాబట్టి పక్కన "నకారపొల్లు" అని మాటల్లో కూడా రాయండి. ఇంకో జాగ్రత్త: రాతిమీద పొల్లు విడిగా ఉంటే, టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) వెయ్యండి. వెయ్యకపోతే అది తర్వాతి హల్లుతో కలిసి ఒత్తయిపోతుంది, శాసనంలో లేని సంయుక్తాక్షరాన్ని మనమే పుట్టించినట్టవుతుంది.

తంత్రి
కొలతలు చూసుకోకుండా ఈ వాదన తెగదు.

మెయిల్లో బొమ్మ బొమ్మగా ప్రయాణం చెయ్యదు. బొమ్మను మామూలు అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతిలో ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలుగా మారతాయి. 76 అక్షరాలకో పంక్తి విరుపు కూడా కలుపుకుంటే పరిమాణం సుమారు 37 శాతం పెరుగుతుంది. ఫోన్ తీసే 4 ఎంబీ ఫోటో ఐదున్నర ఎంబీ దాకా అవుతుంది. 40 కేబీ హద్దులో ఇమడాలంటే బొమ్మ 29 కేబీ దాటకూడదు, అదీ ఉత్తరంలో వేరే ముక్క రాయకుండా.

29 కేబీకి కుదించిన శాసనం ఫోటో ఎందుకూ పనికిరాదు. జేపెగ్ కుదింపు పద్ధతి బొమ్మను 8×8 చుక్కల (పిక్సెళ్ళ) గళ్ళుగా విడగొట్టి, గడిలో ఉన్న సన్నటి తేడాలను ముందు పారేస్తుంది. గ్రానైట్ గరుకంతా సన్నటి తేడాలే. అక్షరం గాడి కూడా చిన్న బొమ్మలో రెండు మూడు చుక్కల వెడల్పే ఉంటుంది కాబట్టి గరుకుతోబాటు అదీ కొట్టుకుపోతుంది. రాతిగీత గారు చెప్పిన ప మీది సందు సరిగ్గా ఇక్కడే మూసుకుపోయి వ అవుతుంది. అలాంటి బొమ్మ చూసి తీర్పు చెప్పడం కంటే చూడకపోవడం నయం.

కాబట్టి మొత్తం రాయి పంపకండి. పేచీ ఉన్న అక్షరాన్ని, అటూ ఇటూ ఇంకో అక్షరంతో సహా, అసలు ఫోటోలోంచి కత్తిరించండి. రంగు తీసేసి గ్రే చెయ్యండి. 300×300 చుక్కల ముక్క, జేపెగ్ నాణ్యత 85 దగ్గర, సుమారు 15 నుంచి 20 కేబీలో వస్తుంది. కత్తిరించాక సైజు తగ్గించకండి, పదును పెంచే ఫిల్టర్లు వెయ్యకండి. పదును పెంచితే పెచ్చు అంచు కూడా ఉలిగీతలా కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినదాన్ని కత్తిరించి పంపడం అన్నిటికంటే చెడ్డది. అది అప్పటికే ఒకసారి కుదించి ఉంటుంది. డాక్యుమెంటుగా పంపించుకోండి.

ఇంకొకటి, ఇది పాఠం పక్షం వాళ్ళ కోసం. 40 కేబీ తెలుగుకే చాలదు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక సంకేతం) 3 బైట్లు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు వాడే కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో ఆ మూడు బైట్లూ 9 అక్షరాలవుతాయి. "క్ష" మూడు సంకేతాలు, అంటే 27. 40 కేబీలో పట్టేది నాలుగున్నర వేల సంకేతాలు. అరవై పంక్తుల శాసనానికి పాఠం, దాని కింద ముందు ఉత్తరాల్లోంచి ఎత్తి రాసిన భాగాలు కలిస్తే బొమ్మ లేకుండానే హద్దు దాటి నిర్వాహకుల దగ్గర ఆగిపోతోంది. బొమ్మల సంగతి ఎలా తేలినా హద్దు పెంచక తప్పదు.

వినికిడి
తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఈ గుంపు చదివే సభ్యులున్నారన్న సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, ఈస్పీక్ తెలుగు గొంతుతో పాఠం మొత్తం చదివి వినిపిస్తుంది. బొమ్మ వస్తే జోడింపు పేరు మాత్రమే చదువుతుంది. "ఐఎమ్‌జీ 2043" అని వింటే ఎవరికేం తెలుస్తుంది?

బొమ్మ వద్దని నేననను. బొమ్మ పంపితే దానిలో ఏముందో ఉత్తరంలో రాయాలి, అదీ ఈ వరుసలో: రాయి ఏ ముఖం, ఎన్నో పంక్తి, పంక్తిలో ఎన్నో అక్షరం, వెలుతురు ఎటునుంచి, ఎక్కడ చెక్కు పోయింది, మీరు ఏమని చదివారు, ఇంకెలా చదవొచ్చు. "తూర్పు ముఖం, 7వ పంక్తి, 4వ అక్షరం, వెలుతురు ఎడమనుంచి, పైన కుడివైపు చెక్కు, వ అని చదివాను, ప కూడా కావచ్చు." ఇంతే. ఇది చూపున్నవాళ్ళకూ పనికొస్తుంది, వెలుతురు దిక్కు తెలియకపోతే లోతు గాడి ఉబ్బుగా కనబడుతుంది కదా.

రాతిగీత
వినికిడి గారి వరుసకు పూర్తిగా ఒప్పుకుంటున్నాను. తంత్రి గారి ముక్క బొమ్మకూ ఒప్పుకుంటున్నాను. మొత్తం రాయి ఫోటో లంకెలో ఇవ్వమంటే మాత్రం భయం. 2017లో ఫోటోలు దాచే సైటు ఫోటోబకెట్ బయటి పేజీల్లో బొమ్మలు చూపడానికి ఏడాదికి 399 డాలర్లు అడిగింది, ఎన్నో చర్చల్లో బొమ్మలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. యాహూ గ్రూపుల్లో దాచిన ఫోటోలు, ఫైళ్ళు ముందు పోయాయి, 2020 డిసెంబరులో గుంపులే మూతపడ్డాయి. ఉత్తరంలోనే ఉన్న బొమ్మ అయితే ప్రతి సభ్యుడి పెట్టెలో ఒక ప్రతి ఉంటుంది.

తంత్రి
భయం సబబే. అందుకే గూగుల్ డ్రైవ్ లంకెలు ఒప్పుకోకూడదు, యజమాని ఒక్క నొక్కుతో మూసెయ్యగలడు. సొంతంగా తీసిన ఫోటో అయితే వికీపీడియా వాళ్ళ బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్‌లో సీసీ బై-ఎస్ఏ 4.0 (పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) కింద పెట్టండి. శాసనానికి కాపీహక్కు లేదు, ఫోటోకి ఉంటుంది, అది తీసినవాళ్ళది. ఇతరుల పుస్తకంలోంచి స్కాన్ చేసిన ప్లేటు అక్కడ పెడితే తొలగిస్తారు. ఉత్తరంలో లంకెతోబాటు ఫైలు షా-256 సంకేతం (ఫైలులోంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటిది), 64 అక్షరాలు, రాయండి. రేపు లంకె పోయి ఎవరి దగ్గరో ప్రతి దొరికితే అది అదే ఫైలో కాదో సరిచూసుకోవచ్చు.

ఊరిబయట
ఫోటోలో కనిపించనిది కూడా వెళుతుంది. ఫోన్ ఫోటోలో దాగి ఉండే వివరాల్లో (ఎగ్జిఫ్‌లో) అక్షాంశ రేఖాంశాలుండొచ్చు, మెయిల్ జోడింపులో అవి చెక్కుచెదరవు. పొలం గట్టున, పాడుబడ్డ గుడి దగ్గర కాపలా లేని రాళ్ళను గుప్తనిధుల కోసం తవ్వేసేవాళ్ళున్నారు. శాసనమున్నచోట నిధి ఉంటుందన్న నమ్మకంతో రాయినే పగలగొడతారు. మన పాత ఉత్తరాల భాండారం ఎవరైనా చూడొచ్చు. ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రాముతో జీపీఎస్ ట్యాగులన్నీ తుడిచి పంపండి. తుడిచాకే షా-256 లెక్కకట్టండి, ముందు కడితే సరిపోలదు. ఉత్తరంలో మండలం పేరు చాలు. కచ్చితమైన చోటు పురావస్తు శాఖకు రాయండి.

ఫోటో బాగా రావాలని రాతిమీద సుద్దపొడి, మైదాపిండి, నూనె రాయడం మానిపించండి. సుద్దతో దిద్దినవాళ్ళు తాము చదివిన అక్షరాన్నే దిద్దుతారు, ఆ ఫోటోకి సాక్ష్యం విలువ ఉండదు. చీకటిపడ్డాక టార్చి రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే చాలు, ఒక ఫోటో ఎడమనుంచి వెలుతురు వేసి, ఇంకొకటి పైనుంచి వేసి.

నిర్వాహకుడు
ఇప్పటికి పెట్టబోయేవి ఇవి. హద్దు 120 కేబీ. వడపోతలో జేపెగ్, పీఎన్‌జీ రకాలకు అనుమతి. మల్టీపార్ట్ మిక్స్‌డ్ (జోడింపులున్న ఉత్తరాల రకం) ఇప్పటికే జాబితాలో ఉంది, అది లేకపోతే జోడింపున్న ఉత్తరం మొత్తం పోతుంది. బొమ్మలు కలిపి 80 కేబీ లోపు. వినికిడి గారి వరుసలో వివరణ లేని బొమ్మ వెనక్కి వస్తుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ (రంగులు, అమరికలు ఉన్న) ఉత్తరాల మీద నిషేధం అలాగే ఉంటుంది. బొమ్మను ఉత్తరం మధ్యలో అతికించకండి, హెచ్‌టీఎమ్‌ఎల్ రాలిపోయాక అది ఏ పంక్తికి చెందిందో తెలియకుండా మిగులుతుంది. విడిగా జోడించండి. ఉత్తరాలన్నీ ఒక్క సంచికగా కట్టించి తెప్పించుకునేవాళ్ళలో సాదా సంచికకి బదులు మైమ్ సంచిక (జోడింపులను జోడింపులుగానే ఉంచేది) ఎంచుకున్నవాళ్ళకే బొమ్మలు నేరుగా అందుతాయి, మిగతావాళ్ళకు భాండారం లంకె వస్తుంది.

పంక్తి_లెక్క
ఒక్క షరతు కలపండి. మొదటి ఉత్తరంలో పాఠం మొత్తం ఉండాలి, బొమ్మ దానికి జవాబుగా రావాలి. ముందు బొమ్మ చూస్తే అందరూ పంపినవాళ్ళు చదివినట్టే చదువుతారు.

రాతిగీత
దానికి ఒప్పుకోలేను. పాఠం ముందు చదివితే కన్ను ఆ అక్షరాన్నే వెతుక్కుంటుంది. ముక్క బొమ్మ ముందు రావాలి, కనీసం ఇద్దరు తమ పఠనం రాశాకే పంపినవాళ్ళది బయటపెట్టాలి.

వినికిడి
అలాగైతే బొమ్మ చూడలేని సభ్యులు ఆ ఇద్దరూ రాసేదాకా చర్చ బయటే ఉంటారు. వివరణలోంచి "ఏమని చదివాను" అన్న ముక్క మాత్రం ఆపి, మిగతాది బొమ్మతోనే ఇవ్వండి. గీతలెలా ఉన్నాయో చెబితే మేమూ పఠనం రాయగలం.

నిర్వాహకుడు
పేచీ ఉన్న అక్షరాలకు వినికిడి గారు చెప్పినట్టు, మిగతా పాఠం మొదటి ఉత్తరంలోనే. రాగిరేకు శాసనాల ఫోటోల్లో వచ్చే మెరుపు సంగతి ఎవరూ రాయలేదు, తెలిసినవాళ్ళు ఒకటో తారీఖులోగా రాయండి.